కనకం దాచిన మాట

బిలాస్‌పూర్ వచ్చేనాటికి కనకానికి పద్నాలుగేళ్లు. ఆమదాలవలస దగ్గర ఒక పల్లెలో పుట్టి, మేనత్త కొడుకు సూర్యాన్ని పెళ్లాడి, ఆ మేనత్త అసిరమ్మ వెనకాలే వచ్చి రైలు దిగింది. సూర్యం లోకో షెడ్డులో ఫైర్‌మేన్. ఇంజను మీద వెళ్లాడంటే రెండు మూడు రోజులకు గాని ఇల్లు చేరేవాడు కాదు. రైల్వే కాలనీలో వాళ్లున్న లైనుకు పన్నెండు క్వార్టర్లు. ఒక్కొక్కదానికి ఒక గది, ముందొక వరండా, వెనకొక వంటకొట్టు. పన్నెండింట్లో తొమ్మిది ఇళ్లు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లవే. షెడ్డు దగ్గర కాబట్టి బొగ్గునుసి పడని పూట ఉండేది కాదు. ఉతికిన బట్టలు కూడా లోపలే ఆరేసుకునేవారు.

ఆ లైన్లో కనకం నెమ్మదస్తురాలనీ పనిమంతురాలనీ అందరూ అనేవారు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అనేవారు, టీకాలకు కూతుర్ని పోగొట్టుకున్న మనిషి అని.

ఆ కూతురి పేరు అప్పయమ్మ. 1924లో, శివరాత్రి వెళ్లిన వారానికి ఆ పిల్లకు తొమ్మిదో నెల నిండింది. ఊళ్లో ఎక్కడో మశూచి కనిపించిందని షెడ్డులో చెప్పుకోవడం విని సూర్యం పిల్లకు టీకా వేయించాలని పట్టుబట్టాడు. అసిరమ్మ ఒప్పుకోలేదు. ఆమె మొహం నిండా చిన్ననాటి మచ్చలే.

"అమ్మోరు రావాలంటే వొస్తాది, వొద్దంటే పోతాది. మనమే ఎదురెల్లి సేతులు గీకించుకోడం ఏటిరా?" అంది.

సూర్యం వినలేదు. ఒక పూట సెలవు పెట్టి, పిల్లను తానే భుజాన వేసుకుని రైల్వే ఆస్పత్రికి నడిచాడు. కనకం వెనకాల నడిచింది. ముందురోజు సాయంత్రం నుంచీ పిల్లకు నీళ్ల విరేచనాలు. పళ్లు వస్తున్నాయేమోలే అనుకుంది. భర్తకు చెబితే సెలవు పాడైందని విసుక్కుంటాడు, అత్తకు చెబితే ఆ వంకతో టీకానే మాన్పిస్తుంది. ఇద్దరికీ చెప్పలేదు.

ఆస్పత్రి వరండాలో తల్లులు వరసగా నిలబడ్డారు. టీకాలు వేసే త్రినాథరావు శ్రీకాకుళం మనిషి. ప్రతి తల్లినీ ఒకటే అడుగుతున్నాడు, పిల్లకు జ్వరం ఉందా, కడుపు బాగుందా అని. కనకం వంతు వచ్చేసరికి సూర్యం పక్కనే నిలబడి షెడ్డు వైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం నుంచి అతనికి డ్యూటీ. బాగుంది అన్నట్టు కనకం తల ఊపింది.

ఎనిమిదో రోజున జ్వరం వచ్చింది. పదో రోజున ఫిట్లు వచ్చాయి. పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం అప్పయమ్మ పోయింది.

టీకాయే పిల్లను మింగిందని అసిరమ్మ లైనంతా వినపడేలా ఏడ్చింది. సూర్యం తల వంచుకుని వరండాలో కూర్చున్నాడు. కనకం, ఈ ఏడుపులు తగ్గాక చెబుదామనుకుంది. తగ్గాక, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది. అలా రోజు మీద రోజు పేరుకుని, ఆ మాట బయటికి రావడమే కష్టమైపోయింది. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ, ఆ పై ఏడూ చలికాలంలో త్రినాథరావు లైను మొదట్లో నిలబడి పిలిచాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పక్క క్వార్టరులో ఉండే పాయింట్స్‌మేన్ పోలయ్య భార్య చిన్నతల్లి తన కొడుకు చిన్నారావును ఎత్తుకుని టీకా వేయిద్దామని రెండుసార్లు తన గడప దాకా వచ్చింది. రెండుసార్లూ అసిరమ్మే వద్దంది.

"మా ఇంట సూసినాం కదే. సాలదా?" అంది.

కనకం అప్పుడు అక్కడే గిన్నెలు తోముతోంది. తలెత్తలేదు.

రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ పిల్లవాడు పుట్టాడు. అమ్మన్న అని పేరు పెట్టుకున్నారు. వాడికి అయిదో నెల వచ్చేసరికి మాఘమాసం. ఒకరోజు పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన గొల్లామె రౌతాయిన్ చెంబు కింద పెట్టి, చేతులు జోడించి కళ్లకద్దుకుని, "తెలిపారా మం మాతా ఆయ్ హే, బాయీ" అంది. ఊళ్లోనే ఉన్న తెలిపారా పేటలో అమ్మవారు వచ్చిందని.

ఆ రోజు నుంచీ కనకానికి కూడు సహించలేదు. పిల్లవాడి ఒళ్లు గంటకోసారి తడిమి చూసేది. స్నానం చేయిస్తే నీళ్ల వేడికి ఎర్రబడ్డ చర్మం చూసి గుండె ఝల్లుమనేది. దోమ కుట్టిన మచ్చను వెలుతురుకు తీసుకొచ్చి, అది పెరుగుతోందా తగ్గుతోందా అని సాయంత్రం దాకా చూసేది. వారం తిరక్కుండా గతౌరా స్టేషన్ దగ్గర ఒక గ్యాంగుమన్ ఇంట్లో ఇద్దరు పిల్లలు మశూచితో మంచాన పడ్డారని తెలిసింది. వచ్చే గురువారం ఆస్పత్రిలో టీకాలు వేస్తారని కాలనీలో దండోరా వేయించారు.

సూర్యం డ్యూటీ దిగి వచ్చిన పూట, అన్నం పెడుతూ అడిగింది.

"పిల్లోడికి ఏయిద్దామా బావా?"

సూర్యం కలిపిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టాడు. "నన్నడక్కు. ఆ తడవ నాను సెప్పినట్టే సేసాం. నా సేతుల్తో నానే తీసికెల్లినాను. ఏటయిందో సూసినావు కదా. ఈ తడవ నువ్వూ అమ్మా ఎలగంటే అలగే," అన్నాడు.

మూడేళ్లుగా అతనా మాటను గుండెల్లో పెట్టుకున్నాడని కనకానికి తెలుసు. అతని ముందు కూర్చుని, చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో అసిరమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చి పక్కన కూలబడింది. సూర్యం చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. మరునాడు తెల్లారేసరికే షెడ్డు నుంచి పిలుపు వచ్చి వెళ్లిపోయాడు.

సోమవారం చిన్నతల్లి గోడ మీదుగా, "వొదినా, మావోడికి ఒల్లు కాలిపోతంది. నడుం నెప్పని ఒకటే ఏడుపు," అంది. బుధవారం పొద్దున ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కనిపించాయి. నాలుగేళ్ల చిన్నారావుకు మొహం మీదా ముంజేతుల మీదా పొక్కులు పోశాయి. అసిరమ్మ వెళ్లి గుమ్మంలోంచే చూసి, పసుపునీళ్లు చల్లి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంది. "తల్లే," అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ పొద్దునే అమ్మన్నకు మూడుసార్లు విరేచనమైంది.

మూడో గుడ్డ మారుస్తూ కనకం పక్కింటి గోడ వైపు చూసింది. టీకా వేయిస్తే, అప్పయమ్మకు జరిగిందే వీడికీ జరుగుతుందేమో. వేయించకపోతే, అమ్మవారు గోడకు అవతలే ఉంది. కడుపు కుదుటపడేదాకా ఆగుదామంటే అప్పటిదాకా అమ్మవారు ఆగుతుందా? ఎవర్నడగాలి? అడగాలంటే ముందు ఆ మాట చెప్పాలి. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, నీళ్లకు వెళ్లొస్తానన్నట్టు గుమ్మం దిగి, కుళాయి దాటి, ఆస్పత్రి దారి పట్టింది.

త్రినాథరావు వరండా చివర గదిలో మరునాటికి కావలసిన సూదులు, కత్తులు ఉడకబెట్టి గుడ్డ మీద ఆరబెట్టుకుంటున్నాడు. కనకం గుమ్మం దగ్గరే నిలబడింది.

"బాబూ, పిల్లోడికి పొద్దున్నించీ విరేచనాలు. ఇప్పుడు టీకా ఏయొచ్చా?"

అతను తలెత్తి ఆమెను పోల్చుకున్నాడు. చేతిలోది కింద పెట్టాడు.

"నువ్వు సూర్యం భార్యవు కదూ?"

"అవును బాబూ." అక్కణ్ణించి ఇక ఆగలేదు. "ఆ రోజు మీరడిగినారు, కడుపు బాగుందా అని. నాను తలూపీసినాను. బాగోలేదు బాబూ. ముందురోజు సాయంత్రం నించీ నీల్లలాగ పోయింది. నాను సెప్పలేదు. ఎవులికీ సెప్పలేదు."

త్రినాథరావు పీట లాక్కుని కూర్చున్నాడు. "మూడేళ్లయింది," అన్నాడు. "కత్తి సరిగ్గా ఉడికిందో లేదో, నా వేలు తగిలిందేమో అని అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు వేసిన ఇరవైమందిలో ఆ ఒక్క పిల్లే ఎందుకు పోయిందా అని."

"మరయితే దానికే పోయిందా బాబూ? నాను సెప్పనందుకే పోయిందా?"

"తెలీదమ్మా. విరేచనాలకు పోయిందో, జ్వరానికి పోయిందో, రెండూ కలిసి తట్టుకోలేకపోయిందో నేను చెప్పలేను. డాక్టరుగారూ చెప్పలేరు." పిల్లవాడి వైపు చూశాడు. "అమ్మవారు ఎక్కడో ఉంటే వారం ఆగి రమ్మనేవాణ్ణి. ఎంత దూరంలో ఉంది?"

"పక్కింట్లో."

అతను మరి కూర్చోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు పిల్లవాడి నాలుక చూశాడు, పొట్ట మీద చర్మం పట్టి వదిలాడు, పాలు తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా అని హిందీలో అడిగాడు. కనకం ఈసారి ప్రతిదానికీ ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లవాడు ఇంకా నీరసించలేదనీ, పక్కింట్లో మశూచి ఉండగా ఆగడమే ఎక్కువ ప్రమాదమనీ, వేయించదలిస్తే ఈ రోజే వేయించమనీ అతను అన్నాడు. త్రినాథరావు ఆ మాటలు తెలుగులో చెప్పాడు.

"ఏస్తే ఏటీ అవదని మాటిస్తారా బాబూ?"

"ఇవ్వలేనమ్మా," అన్నాడు త్రినాథరావు.

కనకం వరండాలోకి వచ్చి గోడకానుకుని కూర్చుంది. పిల్లవాడు ఆమె గాజులు పట్టుకుని లాగుతున్నాడు. దూరంగా యార్డులో షంటింగు చప్పుడు. ఇంటికి పోతే అత్త ఉంది, ఏ నిర్ణయమైనా అత్త మీద పెట్టేయొచ్చు. సూర్యం వచ్చేదాకా ఆగితే అతని మీద పెట్టేయొచ్చు. అతను శుక్రవారం గాని రాడు. ఈసారి ఏమైనా ఆ తప్పు తనదే అవుతుంది, ఇంకొకరికి పోదు. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. లేచి లోపలికి వెళ్లి, పిల్లవాడి చొక్కా పైకి మడిచి, చెయ్యి చాపి పట్టుకుంది.

త్రినాథరావు చెయ్యి తుడిచి, మందు చుక్క వేసి, నాలుగు గాట్లు గీశాడు. అమ్మన్న ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. కనకం ఏడవలేదు.

"పక్కింట్లో ఇంకా పసివాళ్లున్నారా?" అని అడిగాడతను, చేతులు కడుక్కుంటూ.

"నాలుగు నెలల పాప ఉంది. ఇంకా జొరం రానేదు."

"ఈ రోజో రేపో వేస్తే నిలవొచ్చు. మీ లైన్లో పదకొండుమంది పిల్లలున్నారు, వీడికి తప్ప ఒక్కరికీ గాటు లేదు. నేనొస్తే తలుపు తియ్యరు." అంతవరకే అన్నాడు.

కనకం లైనుకు వచ్చేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. అసిరమ్మ కూడా అక్కడే ఉంది. పోలయ్య తన ఇంటిముందు, లోపలికి పోలేక బయట ఉండలేక తిరుగుతున్నాడు. కనకం ఇంటికి పోలేదు. పోలయ్య గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగి, లోపలున్న చిన్నతల్లికి వినపడేట్టు చెప్పింది. అప్పయమ్మకు కడుపు పాడైన సంగతి, తను దాచిన సంగతి, ఇప్పుడు అమ్మన్నకు టీకా వేయించుకొచ్చిన సంగతి వరసగా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ మొదలుపెట్టింది. కుళాయి దగ్గర ఒక బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తీయలేదు.

"మూడేల్లనించీ ఏటి సెప్పలేదు?" అని పోలయ్య అడిగాడు.

కనకం పిల్లవాణ్ణి రెండో భుజానికి మార్చుకుంది.

కిటికీ వెనక నుంచి చిన్నతల్లి గొంతు వినపడింది. "సిన్నారావుని రెండు తడవలు తీసుకొచ్చాను. మీ అత్త వొద్దంది. నువ్వు పక్కనే ఉన్నావు వొదినా. గిన్నెలు తోముతున్నావు." లోపల కుర్రాడు మూలుగుతున్నాడు. "ఆ బాబుని రమ్మనండి. పాపకి ఏయించీండి."

పోలయ్య పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నం త్రినాథరావు లైనుకు వచ్చి, వాళ్ల గుమ్మంలోనే పాపకు టీకా వేశాడు. పొద్దుగూకేలోపు ఇంకో ఏడుగురు పిల్లలను వాళ్ల తల్లులే తీసుకొచ్చారు. చివరింట్లో మాత్రం తలుపు తియ్యలేదు. కనకం వెళ్లి రెండుసార్లు పిలిచింది. "నీ ఇంట పోయినది పోయినట్టే కదా, ఇప్పుడేటి కతలు," అని లోపలి నుంచి ఎవరో అన్నారు.

అసిరమ్మ కోడలితో మాట మానేసింది. పొయ్యి వేరు పెట్టలేదు గాని మాట వేరు పెట్టింది. వండింది తినేది, పిల్లవాణ్ణి ఆడించేది, కనకం వైపు మాత్రం చూసేది కాదు. మాట మానేసే ముందు ఒక్కటే అంది.

"కడుపు పాడైందని నాతోనైనా సెప్పలేదు. వామునీల్లు కాసి పోద్దును కదే. నా మనవరాలు కాదా అది?"

శుక్రవారం సూర్యం వచ్చాడు. బూట్లైనా విప్పకుండా వరండాలో కూర్చుని అంతా విన్నాడు.

"నానే సంపీసినానని అనుకుంటన్నాను ఇన్నాల్లూ," అన్నాడు.

"తెలుసు బావా."

"తెలిసీ ఊరుకున్నావు." మళ్లీ తనే అన్నాడు. "ఆ రోజు సెప్పుంటే నాను కేకలేసుందును. అదీ నిజమే." డ్యూటీ లేకపోయినా లేచి షెడ్డు వైపు వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, అన్నం తిని, అమ్మన్న చేతి మీద గాట్లను దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

విరేచనాలు మూడో రోజుకు కట్టాయి. అయిదో రోజున గాట్ల మీద చిన్న పొక్కులు లేచాయి. ఎనిమిదో రోజు త్రినాథరావు వచ్చి చూసి, టీకా పట్టిందన్నాడు. ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. చెయ్యి ముంజేతి దాకా వాచింది. ఆ జ్వరం టీకా జ్వరమేననీ, మూడు నాలుగు రోజులుంటుందనీ త్రినాథరావు ముందే చెప్పాడు. అప్పుడూ చెప్పాడు అదే మాట.

తొమ్మిదో రోజున పిల్లవాడు పాలు సరిగ్గా పట్టలేదు. పదో రోజు ఒకసారి నిద్రలో ఉలిక్కిపడితే ఫిట్టేననుకుని కనకం వాణ్ణి వెలుతురుకు ఎత్తుకుపోయింది. పదకొండో రోజు పొద్దుటినుంచీ వాణ్ణి కింద దించలేదు. పచ్చిమంచినీళ్లైనా ముట్టలేదు. మధ్యాహ్నం దగ్గర పడుతున్నకొద్దీ ఆమెకు గదిలో గాలి చాలనట్టయింది. షెడ్డు కూత వినపడితే, అప్పయమ్మ పోయినప్పుడు ఈ కూత అయిందా, అవలేదా అని లెక్కలు. పిల్లవాడి ఊపిరి వినడానికి తన ఊపిరి ఆపుకునేది. గోడకు అవతల చిన్నారావు నీళ్లడుగుతున్నాడు. వాడికి కళ్లు రెండూ మూసుకుపోయాయని ముందురోజే తెలిసింది.

అసిరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. కాసేపు చూసి రెండు చేతులూ చాపింది.

"ఇలా ఇయ్యి. నువ్వెల్లి ఇంత గెంజైనా తాగి రా," అంది. పది రోజుల తర్వాత కోడలితో అన్న మొదటి మాట అది.

కనకం వంటకొట్లో నిలబడి గంజి తాగింది. రుచి తెలియలేదు. తిరిగొచ్చి చూస్తే పిల్లవాడు అసిరమ్మ ఒళ్లో పడుకుని ఉన్నాడు. మెడ దగ్గర చెమట పట్టింది. అసిరమ్మ కొంగుతో తుడిచి, కనకాన్ని కూడా తాకి చూడమని చోటిచ్చింది. జ్వరం పూర్తిగా దిగడానికి ఇంకో రోజున్నర పట్టింది. కనకం మాత్రం పొక్కులు ఎండి చెక్కులు రాలేదాకా, అంటే మూడు వారాల దాకా, ఎవరు బాగున్నాడా అని అడిగినా బాగున్నాడని అనలేదు. చూడాలి, అనేది.

చిన్నారావు బతికాడు. ఎడమ కన్ను పోయింది. వాడి చెల్లెలికి జ్వరం వచ్చి, పొట్ట మీద ఏడెనిమిది పొక్కులు లేచి, వాటంతటవే మాడిపోయాయి. తలుపు తియ్యని చివరింట్లో పది నెలల పాప దక్కలేదు. ఆ పాపను తీసుకెళుతున్నప్పుడు కనకం లోపలే కూర్చుంది, బయటికి రాలేకపోయింది. తను మూడేళ్ల ముందే నోరు తెరిచి ఉంటే ఆ ఇంటివాళ్లు తలుపు తీసి ఉండేవారేమో. ఆ ఆలోచనకు అంతు లేదని ఆమెకు తెలుసు.

తర్వాత కనకానికి ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురికీ వేళకు టీకాలు పడ్డాయి. ఏ ఒక్కరికీ ఆమె ధైర్యంగా వేయించలేదు. ప్రతిసారీ అదే గుండెదడ, అవే పదకొండు రోజులు. అయినా చలికాలం వచ్చి టీకాలు మొదలైతే లైన్లో కొత్త తల్లులు ఎనిమిదో రోజున ఆమెనే పిలిచేవారు. ఆమె వెళ్లి పిల్ల చెయ్యి చూసి, తడిగుడ్డ వేసి, జ్వరం తగ్గేదాకా అక్కడే కూర్చునేది. ఏమీ కాదని మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. "నానుంటాను," అనేది.

చిన్నతల్లి పక్కింట్లో మరో ఆరేళ్లు ఉంది. చింతపండు ఇచ్చి పుచ్చుకున్నారు, పురుళ్లకు ఒకరికొకరు తోడున్నారు. తగువు ఎన్నడూ పడలేదు. కాని ఆ రోజు కిటికీ వెనక నుంచి అన్నదే ఆఖరు, చిన్నతల్లి ఆమెను మళ్లీ వదినా అని పిలవలేదు. పేరు పెట్టి కనకం అని పిలిచేది, అంతే. ఎందుకని కనకం కూడా అడగలేదు.

పోలయ్యకు చాంపా బదిలీ అయినప్పుడు కనకం పులిహోర కలిపి, ఆకుల్లో కట్టి స్టేషనుకు తీసుకెళ్లింది. చిన్నతల్లి కిటికీలోంచి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. బండి కదలడానికి ఇంకా టైముంది. కొత్త క్వార్టరుకు కుళాయి దగ్గరో దూరమో, అక్కడ పాలు పోసేవాళ్లు దొరుకుతారో లేదో ఇద్దరూ మాట్లాడుకున్నారు. గార్డు పచ్చజెండా ఊపాక కూడా చిన్నతల్లి ఏదో చెబుతూనే ఉంది. ఇంజను చప్పుడులో కనకానికి సరిగ్గా వినపడలేదు. వినపడినట్టు తల ఊపకుండా, బండి పక్కనే నాలుగడుగులు నడిచి, "ఏటీ?" అని అడిగింది.

"పాపని మళ్లీ టీకాకి తీసికెల్లాలా అనడిగాను. ఏడేల్లకి ఇంకోటి ఏస్తారంట కదా," అని చిన్నతల్లి గట్టిగా అంది.

"తీసికెల్లు," అంది కనకం. "జొరం లేనప్పుడు తీసికెల్లు."